మేడమీది తీగకు ముసుగేల?

తెలుగు పాఠశాలకు ఉపాధ్యాయుని నియమింపలేదని ప్రభుత్వమును విమర్శించుటకు మన సంఘసభ్యులకు నోరు కలదు. రాజ్యాంగములోని 29వ అధికరణమును, 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ, 350-బి అధికరణములను ప్రతి సమావేశమునందును చదివి వినిపించుచునే యున్నాము. మంచిదే. కాని ఆ సమావేశము ముగిసిన పిమ్మట ఇంటికి పోయి, పై అంతస్తులో అద్దెకున్న తెలుగు పిల్లవాడు పిట్టగోడ వెంబడి కట్టుకొన్న రాగితీగను పీకివేయుమని గద్దించువారును మనలోనివారే. ఈ సంగతి వ్రాయుట మాకు సుఖముగా లేదు. అయినను వ్రాయక తప్పదు.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి పట్టణములలో అద్దె యిండ్లయందున్న మనవారిలో రేడియోపై మక్కువ గలవారు కొందఱు కలరు. వీరిలో దూరపు కేంద్రములను పట్టి వినువారు కొందఱు. కేంద్రప్రభుత్వపు పరీక్షలో నుత్తీర్ణులై లైసెన్సు పొంది, స్వయముగా మాటలాడు అమెచ్యూరు రేడియోవారు, అనగా జనులు హాములని పిలుచువారు, మఱికొందఱు. లైసెన్సు ప్రభుత్వ మిచ్చును గాని, తీగ కట్టుటకు చోటు ఇంటి యజమాని యియ్యవలెను. ఆయన యియ్యడు. కావున నేమి జరుగుచున్నది? దారమంత సన్నని ఎనామెలు తీగను రాత్రి పదిగంటలు దాటిన పిదప కట్టి, తెల్లవారకమునుపే చుట్టిపెట్టుచున్నారు. బట్టలారవేయు తీగవలె నొకరు, వాననీటి గొట్టము వెనుక నొకరు దాచుచున్నారు. చింతామణిలో నొక అద్దెదారుడు చెక్కచట్రమునకు తీగ చుట్లు చుట్టి కైవారము నారాయణ తాతయ్యగారి పటము వెనుక వ్రేలాడదీసెను. యజమాని వచ్చి, పటమునకు నమస్కరించి, గదియంతయు చూచి, సంతృప్తితో వెడలిపోయెను. విని మేము నవ్వితిమి. పిదప సిగ్గుపడితిమి.

గదిలోపలనే పెట్టుకొనరాదా యని కొందఱు ప్రశ్నింతురు. ఇనుపకమ్ముల కాంక్రీటు గోడలు తరంగమును చాలవఱకు అడ్డగించును. వచ్చిన కొంచెమును ఎల్.ఇ.డి. దీపముల, ఛార్జరుల రొదలో మునిగిపోవును. హాములు విరివిగా వాడు ఏడు మెగాహెర్ట్జుల తరంగమునకు అర్ధతరంగపు తీగ ఇంచుమించు ఇరువది మీటర్లు, అనగా అఱువదియాఱు అడుగులు కావలెను. మన ఊళ్ళలోని ముప్పది-నలువది సైటునకు మూలనుండి మూలకు ఏబది అడుగులే. కావున మేడమీద కట్టినను కొనలు వంచవలసినదే. ఇక పదడుగుల గదిలో నేమి చేయగలరు?

మన తాతలనాటి సంగతి వేఱు. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. 1950లో హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలో చేరెను. 1963లో కడప కేంద్రము వచ్చెను. ఆ దినములలో ఇంటికప్పుపై రెండు వెదురుగడలు నాటి తీగ కట్టుట ఒక గౌరవము. భూమిలో గొయ్యి త్రవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, ఎర్తు తీగ పాతి, వేసవిలో దానికి నీళ్ళు పోయుటకూడ నొక నిత్యకృత్యము. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు రుసుము చెల్లించి, వీధి జనులను అరుగుపై కూర్చుండబెట్టి తెలుగు వార్తలు వినిపించినవారి మనుమలే నేడు తీగను చూచి ఉలికిపడుచున్నారు.

యజమానుల అభ్యంతరములను మేము వినకపోలేదు. ఇంటి అందము చెడునని మొదటి మాట. నీళ్ళతొట్టి, టెలివిజను పళ్ళెములు, కేబులు తీగల చిక్కు – వీనినడుమ దారమంత రాగితీగచే చెడు అందమెట్టిదో మాకు తోచలేదు. మీదుమిక్కిలి, నెలకింత బాడుగ వచ్చునని తమ మేడను సెల్‌ఫోను కంపెనీ స్తంభమున కిచ్చినవారును ఈ మాటయే చెప్పుచున్నారు!

రెండవ మాట పిడుగు, విద్యుత్తు. ఇది నిజమైన భయము. విద్యుత్తు తీగలకు దగ్గఱగా, లేదా వానిమీదుగా ఏ తీగను కట్టినను ప్రాణహాని. ఉఱుములు వినబడగానే తీగను యంత్రమునుండి విడదీయవలెను. ఎర్తు సరిగా నుండవలెను. కాని విచారింపుడు: ఈ ప్రమాదము బహిరంగముగా కట్టిన తీగవలన హెచ్చునా, దాచిన తీగవలన హెచ్చునా? చీకటిలో తొందరపడి కట్టువాడు విద్యుత్తు తీగ యెంత దూరమున్నదో ఎట్లు చూచును? హాము మాటలాడునపుడు తీగ కొనలయందు అధిక వోల్టేజి యుండును. తాకిన చేయి కాలును. అది బట్టలతీగ యని నమ్మి తడిచీర ఆరవేయబోవు యజమాని భార్యకు ఆ సంగతి ఎవరు చెప్పుదురు? నిషేధించినవారే తమ యింటికి ఈ ప్రమాదమును తెచ్చుకొనుచున్నారు.

మూడవ మాట అందఱును చెప్పునది: సెల్‌ఫోనుండగా ఇవి యేల? న్యూస్ ఆన్ ఎయిర్ ద్వారా ఆకాశవాణి తెలుగు కార్యక్రమములు ఫోనులో వచ్చుచున్నవి. మధ్యతరంగ ప్రసారిణులు అనేకము మూతబడినవి. కాదనము. కాని ఫోను తన బలముతో పలుకదు. స్తంభము, దానికి విద్యుత్తు, నడుమ కంపెనీ కావలెను. 2004 డిసెంబరు 26న సునామీ అండమానులను ముంచినపుడు శ్రీమతి భారతీ ప్రసాద్ గారు పోర్టు బ్లెయిరులో నుండిరి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున ఆ దీవులనుండి ప్రపంచపు హాములతో మాటలాడుటకై ప్రభుత్వానుమతితో వెళ్ళినవారామె. టెలిఫోనులు మూగవోయినప్పుడు తమవారి క్షేమసమాచారము పెక్కు కుటుంబములకు ఆమె, ఆమె బృందము రేడియో ద్వారా అందించిరి. ఆమె బస ఒక హోటలు. ఆ హోటలువారు “మా మేడమీద తీగలు కూడదు” అనియుండిన నేమగును?

పరదేశములలోను ఈ తగవు జరిగినది. స్వీడనులో స్టాక్‌హోము శివారున అద్దెకున్న ఇరాకు దేశపు కుటుంబమొకటి అరబ్బీ, పారసీ టెలివిజను చూచుటకై పళ్ళెము పెట్టుకొనెను. బయట అంటెనాలు కూడదని ఒడంబడిక. గోడకు తగిలించుట వలదనగా, వంటయింట ఇనుపపీట నిలిపి, చిన్న కిటికీగుండ దాని చేతిని బయటికి చాపిరి! అయినను యజమాని వ్యాజ్యమాడి గెలిచెను. వారు ఇల్లు విడువవలసివచ్చెను. తుదకు 2008 డిసెంబరు 16న యూరపు మానవహక్కుల న్యాయస్థానము, ఇది సమాచారము పొందు స్వేచ్ఛకు భంగమని తీర్పు చెప్పెను. ముగ్గురు బిడ్డలతో వలసవచ్చినవారు తమ భాషతో, సంస్కృతితో సంబంధము నిలుపుకొనగోరుటను ఆ న్యాయమూర్తులు తేలికగా చూడలేదు. అమెరికాలో 1996 నాటి నియమము, 1999లో అద్దెదారులకును విస్తరించి, తమ వాడుకలోని బాల్కనీలో ఒక మీటరులోపు పళ్ళెమునకు రక్షణ యిచ్చినది. అది హాములకు వర్తింపదు. వారచ్చట జెండాకఱ్ఱలలోపల తీగలు దాచుచున్నారు. కావున మన పిల్లలు ఈ దొంగచాటు విద్యలో ఒంటరులు కారు.

మన దేశమునందును 1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆకాశతరంగములు ప్రజల సొత్తని చెప్పినది. ఆ సొత్తు మన మేడమీదుగా పోవుచుండగా అందుకొనుటకు చేయి చాపినవానిని మనమే తప్పుపట్టుచున్నాము.

అద్దెదారులకును ఒక మాట. అడుగకయే గోడకు రంధ్రములు పొడిచినవారిని, వీధి విద్యుత్‌స్తంభమునకు తీగ ముడివేసినవారిని మేము సమర్థింపము. అట్టివారివలననే అడిగి కట్టుకొనదలచినవారికి తలుపులు మూతపడుచున్నవి. కన్నడ యజమానులపై మాకు ప్రత్యేకమైన ఫిర్యాదు లేదు. తమ యద్దెదారు తెలుగు వినిన నేమి, కన్నడము వినిన నేమి యని మెట్లతలుపు తీసియిచ్చినవారు బాగేపల్లిలో మాకు తెలిసినవారే యున్నారు. మా ఫిర్యాదు మనవారిపైననే.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదించుచున్నాము: ఇండ్లు అద్దెకిచ్చు సభ్యులందఱును తమ అద్దెపత్రములో ఒక వాక్యము చేర్చవలెను. గోడలకు నష్టము లేకుండ, విద్యుత్తు తీగలకు దూరముగా, ఎర్తుతో, పగటివేళ యజమాని చూచుచుండగా ఒక తీగ కట్టుకొనవచ్చును; ఇల్లు విడుచునపుడు విప్పుకొని పోవలెను. ఖర్చు అద్దెదారునిది. చేయి ఎత్తి ఓటువేయు యజమానులు ఆ దినమున తమ మేడమెట్ల తాళపుచెవినికూడ వెంట తెచ్చుకొందురుగాక.