తప్పు రాజులది, శిక్ష స్త్రీ శరీరానికి

విగ్రహారాధనను హెబ్రీ ప్రవక్తలు వ్యభిచారం అన్నారు. యెహోవా భర్త, ఇశ్రాయేలు ప్రజ భార్య. ప్రజలు ఇతర దేవతలకు మొక్కితే భార్య పరపురుషుల వెంట పోయినట్టు. ఈ మాటను చర్చిల్లో, ఉజ్జీవ సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. వినీ వినీ అదొక పోలిక అన్న సంగతే మరిచిపోయాం. ఆ పోలికను ఎవరు కట్టారు, ఎవరికి వినిపించారు, అందులో దెబ్బలు తిన్నది ఎవరు అని మాత్రం అడగలేదు. ఇప్పుడైనా అడగాలి.

ప్రవక్తలు విగ్రహారాధనను ఖండించారన్నది నా అభ్యంతరం కాదు. తమ జనం ఒక్క దేవుడినే నమ్మాలని చెప్పే హక్కు వాళ్లకుంది. కానీ మగవాళ్లు ఏలిన రాజ్యంలో, మగవాళ్లు నడిపిన గుడిలో జరిగిన తప్పులకు ఒక స్త్రీని బోనులో నిలబెట్టారు. ఆమెను వివస్త్రను చేసి కొట్టడాన్ని న్యాయమన్నారు. ఆ తర్వాత దగ్గరకు తీసుకోవడాన్ని ప్రేమ అన్నారు. నా అభ్యంతరం దీనికి. నేను బైబిలు చదువుతూ పెరిగినదాన్ని. భర్తల చేతిలో దెబ్బలు తిని వచ్చే స్త్రీల మాటలు వినే పనిలో ఉన్నదాన్ని. ఈ రెంటినీ వేరుచేసి చూడడం నా వల్ల కాదు.

ముందు హోషేయ సంగతి చూద్దాం. ఆయన క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలులో ప్రవచించాడు. దారి తప్పిన స్త్రీని పెళ్లాడమని దైవాజ్ఞ అయిందని గోమెరును పెళ్లాడతాడు. కూతురికి జాలి పొందనిది అనీ, చిన్న కొడుక్కి నా జనం కాదు అనీ అర్థం వచ్చే పేర్లు పెడతాడు. 2వ అధ్యాయంలో పిల్లలనే తల్లిమీద వాదించమంటాడు. ఆమె మారకపోతే ఒంటిమీద బట్ట లేకుండా చేస్తానని, దాహంతో చంపుతానని, దారికి ముళ్లకంచె వేస్తానని, ఇచ్చిన ధాన్యం, ఉన్ని, నార అన్నీ లాక్కుంటానని, విటుల కళ్లెదుటే ఆమె మానం బయటపెడతానని బెదిరింపులు. ఆపైన ఆమెను అరణ్యానికి తీసుకుపోయి మెత్తగా మాట్లాడతాడు. 3వ అధ్యాయంలో ఒక స్త్రీని 15 తులాల వెండికి, కొన్ని యవలకు కొని, చాలా రోజులు ఏ మగవాడితోనూ కలవకుండా పడి ఉండమంటాడు. ఇంత కథలో గోమెరు ఒక్క మాట మాట్లాడదు. ఆమె అన్నట్టు చెప్పినవి కూడా భర్త చెప్పినవే.

2వ అధ్యాయంలో మాట్లాడేది హోషేయా, యెహోవానా అని విడదీయడం కష్టం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. భర్త గొంతూ దేవుడి గొంతూ ఒకటైపోయాయి. దేవుడికి ఎదురు చెప్పకూడదు గనక భర్తకూ ఎదురు చెప్పకూడదు.

హోషేయ మొదలుపెట్టినదాన్ని తర్వాతివాళ్లు ఇంకా ముందుకు తీసుకుపోయారు. యిర్మీయా తన జనాన్ని ఎదకొచ్చిన అడవి గాడిదతో పోల్చాడు. చీర ఎత్తి సిగ్గు బయటపెట్టడాన్ని శిక్షగా చెప్పాడు. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా పోయిన యెహెజ్కేలు 16వ అధ్యాయంలో యెరూషలేమును పొలంలో పారేసిన ఆడశిశువుగా చూపించాడు. ఆ పిల్లను బతికించినవాడే, ఆమెకు వయసొచ్చాక పెళ్లాడి నగలు పెడతాడు. ఆమె దారి తప్పిందని తెలిసి విటులందరినీ పోగుచేసి, వాళ్ల ముందు నగ్నంగా నిలబెట్టి, రాళ్లతో కొట్టించి, కత్తులతో పొడిపిస్తాడు. అప్పటికి గానీ ఆయన కోపం చల్లారదు. 23వ అధ్యాయంలో షోమ్రోను, యెరూషలేములు ఒహొలా, ఒహొలీబా అనే అక్కచెల్లెళ్లు. అక్కడ ముక్కుచెవులు కోయించడం కూడా ఉంది.

ఇంతకీ అసలు తప్పు చేసిందెవరు? బేతేలులో, దానులో బంగారు దూడలు నిలిపింది యరొబాము రాజు. దమస్కులో చూసిన బలిపీఠానికి నమూనా తెప్పించి యెరూషలేము గుడిలో కట్టించింది ఆహాజు రాజు. అషేరా ప్రతిమను ఆ గుడిలోనే పెట్టింది మనష్షే రాజు. అష్షూరు రాజుకు వెయ్యి తలాంతుల వెండి కప్పం కట్టింది మెనహేము రాజు. యెహెజ్కేలు 23వ అధ్యాయంలో వ్యభిచారం అన్నది చాలావరకు ఈ రాజకీయ పొత్తులనే. సంధులు చేసుకున్నది రాజులు, సంతకాలు లేని కాలంలో ప్రమాణాలు చేసింది రాజులు. యెహెజ్కేలే 8వ అధ్యాయంలో గుడిలో జరిగే విగ్రహపూజను కళ్లారా చూసినట్టు వర్ణించాడు. ధూపం వేస్తున్న పెద్దలు 70 మంది, సూర్యుడికి మొక్కుతున్న మగవాళ్లు ఇంచుమించు 25 మంది. తమ్మూజు కోసం ఏడుస్తున్న ఆడవాళ్లు కొందరు. ఆయన లెక్క ప్రకారమే మగవాళ్లు వందకు దగ్గర. 16వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ మగవాళ్లంతా మాయమై ఒక్క స్త్రీ మిగిలింది!

ఆమెనే ఎందుకు ఎంచుకున్నారు? ఆనాటి పెళ్లిలో నమ్మకంగా ఉండాల్సింది భార్య ఒక్కతే గనక. మగవాడికి ఎందరు భార్యలైనా, ఉపపత్నులైనా ఉండవచ్చు. భర్తకు అనుమానం వస్తే భార్యను యాజకుడి ముందు నిలబెట్టి చేదునీళ్లు తాగించే పరీక్ష సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో ఉంది. అనుమానించిన భార్యకు అలాంటి పరీక్ష ఏదీ లేదు. అగ్నిపరీక్ష కథ వింటూ పెరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. హెబ్రీ భాషలో బయలు అన్న మాటకు యజమాని అనీ, భర్త అనీ అర్థాలు. ప్రవక్తలు తిట్టిపోసిన ఆ దేవుడి పేరూ అదే. ఇక మీదట నన్ను ఆ మాటతో పిలవవద్దని హోషేయ గ్రంథంలోనే యెహోవా అంటాడు. పిలుపు మారింది గానీ యజమాని పెత్తనం మారలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్రవక్తల ఎదురుగా నిలిచి వినవలసింది రాజులు, పెద్దలు, యాజకులు. మీరు లంజలు అని వాళ్ల ముఖాన అంటే అది పెద్ద అవమానం. ఎందుకు అవమానం? స్త్రీ అన్నా, అందులో దారి తప్పిన స్త్రీ అన్నా అంతకంటే నీచం లేదు గనక. ఇవాళ చేతకాని నాయకుడికి చీరా గాజులు పంపి అవమానించామనుకునే రాజకీయానికీ దీనికీ తేడా ఎంత? తిట్టు తగలాల్సింది మగవాడికి. దిగజారేది మాత్రం స్త్రీ.

ఇక సమర్థించేవాళ్ల వాదనలు మూడు. మొదటిది, ఇది ఉత్త అలంకారం, నిజమైన స్త్రీలతో పని లేదు అని. యెహెజ్కేలు 23వ అధ్యాయం చివర ఈ శిక్ష చూసి స్త్రీలందరూ బుద్ధి తెచ్చుకోవాలన్న అర్థంలో రాసి ఉంది. రాజులందరూ అని కాదు, స్త్రీలందరూ అని. ఇక్కడ స్త్రీలంటే దేశాలని కొందరు సర్దిచెబుతారు. విన్న భర్తకు మాత్రం ఆ సర్దుబాటు అవసరం లేదు. రాసినదాన్ని రాసినట్టే పట్టుకుంటాడు.

రెండోది, ఆ కాలం అలాంటిది అని. ఆ కాలంలోనే, ఆ ఉత్తర రాజ్యంలోనే ఆమోసు ప్రవచించాడు. పేదను చెప్పుల జతకు అమ్మేసేవాళ్లను, న్యాయస్థానంలో లంచాలు మేసేవాళ్లను తిట్టడానికి ఆయనకు వ్యభిచారిణి అవసరం రాలేదు. ధనిక స్త్రీలను ఆవులన్నాడు నిజమే, ఆయనేమీ మనవాడు కాదు. అయినా మగవాళ్ల తప్పును మగవాళ్ల మీదే పెట్టాడు. స్త్రీలను వాళ్ల ఇళ్లనుంచి వెళ్లగొట్టేవాళ్లను మీకా నిలదీశాడు. విగ్రహాలను ఎగతాళి చేయడానికి యిర్మీయాకే 10వ అధ్యాయంలో దోసతోటలో దిష్టిబొమ్మ సరిపోయింది. అంతెందుకు, తాగి తిరిగే మగవాళ్లే వేశ్యలతో పోతుంటే కూతుళ్లను, కోడళ్లను శిక్షించనని హోషేయ 4వ అధ్యాయమే చెబుతుంది. అంటే ఆనాటికీ వేరే దారి ఉంది. దాన్ని కాదని దీన్ని ఎంచుకున్నారు.

మూడో వాదన అన్నిటికంటే తియ్యనిది. చివరికి క్షమించి చేరదీశాడు గదా, ఇది గొప్ప ప్రేమకథ అని. నాకు భయం వేసేది ఇక్కడే. తిండీ బట్టా లాక్కోవడం, బయటికి పోకుండా కట్టడి చేయడం, పిల్లలను తల్లిమీదికి ఉసిగొల్పడం, నలుగురిలో పరువు తీయడం, తర్వాత మెత్తటి మాటలు, నగలు, ఇక అంతా బాగుంటుందన్న హామీ. మా దగ్గరకు వచ్చే స్త్రీలు చెప్పే కథ వరుస తప్పకుండా ఇదే. అమెరికాలో నల్లజాతి పండితురాలు రెనీటా వీమ్స్ 1995లో ఈ ప్రవక్తల మీద రాసిన పుస్తకంలో, దెబ్బల్నీ ప్రేమనూ కలిపి చెప్పే ఈ పద్ధతినే నిలదీసింది. పశ్చాత్తాపపడాల్సింది ఎప్పుడూ ఆమె, క్షమించాల్సింది ఎప్పుడూ అతను. కొట్టిన చేతిని లెక్క అడిగేవాళ్లు ఆ కథలో లేరు.

స్త్రీలు నోరు విప్పిన చోటు ఒకటుంది. యిర్మీయా 44వ అధ్యాయం. యెరూషలేము కూలిపోయాక ఐగుప్తుకు పారిపోయిన జనంలో ఆకాశరాణికి ధూపం వేసే స్త్రీలు ఉన్నారు. మానేయమని ప్రవక్త అంటే వాళ్లు తలొంచలేదు. ఆమెకు పూజలు చేసిన రోజుల్లో తిండికి లోటు లేదని, మానేశాక కరువు, కత్తి మీద పడ్డాయని జనం జవాబిచ్చింది. మా భర్తలకు తెలియకుండా చేశామా అని స్త్రీలు అడిగారు. వాళ్ల నమ్మకం సరైనదో కాదో నేను తేల్చడం లేదు. వాళ్లు మాట్లాడింది రొట్టె గురించి, ఆకలి గురించి, యుద్ధం గురించి. కామం ఊసే లేదు. 7వ అధ్యాయంలో కూడా ఆ పూజ ఇంటిల్లిపాదీ చేసేది: పిల్లలు కట్టెలు ఏరుతారు, తండ్రులు నిప్పు రాజేస్తారు, తల్లులు పిండి కలుపుతారు. సీనాయిలోని కుంతిల్లెత్ అజ్రూద్ దగ్గర 1975, 76లలో జరిగిన తవ్వకాల్లో యెహోవా పేరుతోపాటు ఆయన అషేరా పేరుమీద దీవెనలు రాసిన జాడీలు బయటపడ్డాయి. అషేరా అంటే దేవతా, ఆమె గుర్తయిన స్తంభమా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఏదైనా గానీ, ఆ ఇళ్లలోని భక్తి ప్రవక్తలు చెప్పినంత సులువుగా లంజతనం, పాతివ్రత్యం అని రెండుగా చీలే భక్తి కాదు.

ఇదంతా రెండువేల అయిదువందల ఏళ్ల నాటి గొడవ, మనకెందుకు అంటారా? 1869 నాటి భారత విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే విడాకులు పొందేవాడు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు. దానికి క్రూరత్వమో, రెండేళ్లపాటు వదిలేయడమో తోడు కావాలి. పైగా భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి నుంచి భర్త నష్టపరిహారం కూడా అడగవచ్చు, పొలంలో పడి మేసిన గొడ్డు యజమానిని అడిగినట్టు. 1995లో కేరళ హైకోర్టు ఈ అసమానతను కొట్టేసింది. పార్లమెంటు చట్టాన్ని సవరించేసరికి 2001 వచ్చింది. నూటముప్పై ఏళ్లకు పైగా మన తెలుగు క్రైస్తవ స్త్రీలు కూడా ఈ తూకంలోనే తూగారు. ఆ చట్టం ఇంగ్లండు నుంచి వచ్చింది, ప్రవక్తలు రాసింది కాదు. కానీ తూకపు రాళ్లు అవే: ఆమె నమ్మకం ఆస్తి, అతని నమ్మకం దయ.

చట్టం మారింది. ప్రసంగం మారలేదు. దెబ్బలు తిన్న స్త్రీకి హోషేయ ప్రేమ గురించి చెప్పి ఇంటికి పంపేసే పాస్టర్లను నేను చూశాను. ఆ కథలో ఆమెను గోమెరు స్థానంలో, కొట్టినవాడిని దేవుడి స్థానంలో నిలబెడుతున్నామని వాళ్లకు తట్టదు.

ఈ గ్రంథాలను తగలబెట్టమని నేను అనడం లేదు. పరమతాన్ని తిట్టుకోవడానికి సాకు వెతికేవాళ్లకు దీన్ని ఆయుధంగా ఇవ్వడమూ నా ఉద్దేశం కాదు. పాతివ్రత్యం పేరుతో స్త్రీని కాల్చని మతం ఏదో వాళ్లు ముందు చెప్పాలి. యెహెజ్కేలు 16వ అధ్యాయాన్ని సమాజ మందిరంలో ప్రవక్తల పాఠంగా చదవవద్దని యూదుల రబ్బీ ఎలీయెజెరు అన్నట్టు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో ఉంది. యెరూషలేముకు అవమానమన్నదే ఆయన బాధ కావచ్చు. అయినా ఒక పాఠాన్ని పీఠం మీద నుంచి దించవచ్చని అంత పాతకాలంలోనే ఒక మతపెద్ద అనగలిగాడు.

మనం అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఈ అధ్యాయాలు చదివితే, అందులోని హింసను హింస అని పీఠం మీద నుంచే చెప్పాలి. విగ్రహారాధన మీద ప్రసంగించాలంటే యరొబామును, ఆహాజును, మనష్షేను పేరు పెట్టి తిట్టాలి. కొట్టే భర్త గురించి స్త్రీ వచ్చి చెబితే ఆమెకు హోషేయను కాదు, 2005 నాటి గృహహింస నిరోధక చట్టాన్ని చెప్పాలి, ఆమెతోపాటు రక్షణాధికారి దగ్గరకు నడవాలి. స్త్రీల సమాజాల్లో, బైబిలు క్లాసుల్లో ఈ అధ్యాయాలను మనమే చదివి, గోమెరు ఏం చెప్పి ఉండేదో మనమే మాట్లాడుకోవాలి. ఎవరూ అనుమతి ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.