బాలింత మాట విందురా?

కాన్పు జరిగిన యింట సందడికి లోటుండదు. తల్లి కాయము దంచును. అత్త పథ్యము విధించును. భర్త పండ్లు, వస్త్రములు తెచ్చును. ఇంతమంది యుండగా బాలింతకు కొఱతయేమి యని గృహస్థులు నిశ్చింతగ నుందురు. కాని ఇంటివారు చేయు సాయము వేఱు. తనకు ఆదుకొనువారు కలరని బాలింత మనసునకు తోచుట వేఱు.

ఈ రెండవదానిని కొలుచుటకు సాధనములు కలవు. 1988లో అమెరికాయందు గ్రెగరీ జిమెట్, ఆయన సహచరులు పండ్రెండు వాక్యముల కొలమానమును ప్రకటించిరి. కుటుంబమునుండి, మిత్రులనుండి, మిక్కిలి ఆప్తులైన యొకరినుండి తనకెంత యాదరువు కలదో ఒక్కొక్క వాక్యమునకు 1 మొదలు 7 వఱకు అంకె నిచ్చి తెలుపవలెను. బాలింతలకొఱకే పుట్టినది కాకున్నను, ఇది వారి విషయమునను ఉపయోగపడుచున్నది.

ఇట్టి కొలతలు మనకేల యనువారు కొన్ని సంగతులు గమనింతురు గాక. గోవాలో 270 మంది గర్భిణులతో ఆరంభించి 2002లో ప్రకటించిన పరిశోధనలో, కాన్పైన 6 మొదలు 8 వారములకు నూటికి 23 మంది తల్లులు మనోవ్యాకులతకు లోనైరని తేలినది. దారిద్ర్యము, దాంపత్యమున పొరపొచ్చెములు, ఆడుశిశువు జన్మించుట అందులకు తోడ్పడినవి. ఆడుపిల్ల పుట్టినదని ఇల్లెల్ల నిట్టూర్చుచుండగా, నేతితో వడ్డించిన పథ్యపుటన్నము ఆ తల్లికి ఏమి రుచించును? 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన సమీక్ష, భారతదేశమున జరిగిన 38 పరిశోధనలను క్రోడీకరించి, నూటికి 22 మందికి ఈ బాధ కలదని నిర్ణయించినది.

పుట్టినింటి పురుడు మన ఆచారములలో ఉత్తమమైనది. అయినను మూడవ నెలనో, ఐదవ నెలనో ఆమె మెట్టినింటికి మరలవలసినదే. అచ్చట ‘మిత్రులు’ అను మాటకు అర్థమేమి? ఆడుబిడ్డయా, తోడికోడలా, పొరుగింటి వదినయా? కావున ఆ ప్రశ్నలను మన పల్లెల పలుకుబడిలోనికి దెచ్చి, పరీక్షించి వాడవలెను. అత్తగారి యెదుట అడిగినచో ఏ కోడలైనను ఏడంకెయే చెప్పును. అది కొలత కాదు, మర్యాద.

2011లో ఆరంభమైన పథకము ననుసరించి, ఆసుపత్రిలో కాన్పైన తల్లి యింటికి ఆశా కార్యకర్త 42 దినములలో ఆఱు మారులు పోవలెను. శిశువును తూచి, జ్వరము చూడవలెను. వానిలో ఒక్క మారైనను తల్లిని ఏకాంతమున అడుగు నేర్పాటు ప్రభుత్వము చేయవలెను. తక్కువ అంకె వచ్చినచోట వైద్యసాయము వెంటనే అందవలెను. లేనిచో అడుగుట వ్యర్థము.

అంతవఱకు గృహస్థులు వేచియుండ నక్కఱలేదు. ఈ రాత్రియే భర్త ఉయ్యాల ప్రక్కన కూర్చుండి, ‘నీకేమి కష్టముగ నున్నది?’ యని యడిగి, బదులు వచ్చువఱకు ఓపికపట్టుగాక.