డెల్టాలో వెల్లుల్లి గడ్డ కోసం కాదు, ఆకు కోసం వేయండి

దసరా వెళ్ళిందంటే చాలు, ఫోన్లలో ఒకటే వీడియో తిరుగుతుంది: రెబ్బ గుచ్చండి, నాలుగు నెలల్లో పిడికిలంత వెల్లుల్లి తవ్వుకోండి అని. అబద్ధం అనను. వాళ్ళకి వస్తుంది. కానీ ఆ మడి ఎక్కడుందో చూడాలి కదండీ.

మధ్యప్రదేశ్‌లో మందసౌర్, నీమచ్ వైపు శీతాకాలం రాత్రులు 10 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. యూరప్ వాళ్ళయితే అక్టోబరులో నాటి, మంచు కింద వదిలేసి, జులైలో తవ్వుతారు. గడ్డలో రెబ్బలు విడాలంటే ముందు చలి తగలాలి, తర్వాత పగలు పొడుగవ్వాలి. మన రాజమండ్రిలో 15 డిగ్రీల కిందికి దిగే రాత్రులే అరుదు. పగలు పొడుగయ్యేసరికి ఎండలు ముదిరిపోతాయి. అందుకే ఇక్కడ ఆకు ఏపుగా వస్తుంది, తవ్వితే ఉల్లికాడ మొదలులాంటిదో, ఒంటి రెబ్బో ఉంటుంది. చలి కావాలంటే లంబసింగి ఎక్కాలి గానీ జీవామృతం ఎంత పోస్తే మాత్రం వస్తుందా!

నా బాధ గడ్డ గురించి కాదు. గడ్డ రాకపోతే ఎవరూ వాతావరణాన్ని అనరు, "ప్రకృతి వ్యవసాయంలో ఏమీ పండదు" అంటారు. మరుసటేడు అదే పెరట్లో వంగకి పురుగుమందు డబ్బా దిగుతుంది. అందుకే పెద్ద గడ్డ ఆశ చూపించి డెల్టాలో వెల్లుల్లి విత్తనం అమ్మడం నాకు నచ్చదు. కూరలోకి బజారు వెల్లుల్లి కొనుక్కోండి, తప్పేం లేదు.

ఆకు కోసం మాత్రం తప్పకుండా వేయండి. అట్లతద్దికి తొందరపడొద్దు, అప్పటికి తుపాను వానలు పోలేదు, మన నల్లమట్టిలో రెబ్బ కుళ్ళిపోతుంది. కార్తీక పౌర్ణమి దాటాక ఎత్తు మడి కట్టి, ఇసుక, ఘనజీవామృతం కలిపి, బీజామృతంలో ముంచిన రెబ్బల్ని మొన పైకి ఉండేలా నాలుగంగుళాలకొకటి గుచ్చండి. పైన ఎండుగడ్డి. నెల, నెలన్నరకి రెండంగుళాలు వదిలి ఆకు కోసుకోవచ్చు, మళ్ళీ చిగురిస్తుంది. పప్పులోకి, కోడిగుడ్డు పొరటులోకి ఆ ఆకు భలే ఉంటుంది.

గడ్డ మీద మరీ మనసైతే ఒక పది రెబ్బలకి సరిపడా గడ్డని కాగితం కవరులో పెట్టి, నాలుగు వారాలు ఫ్రిజ్ కింది అరలో ఉంచి నాటి చూడండి. ఫ్రీజర్‌లో కాదు. చివర్లో దొరికే ఒంటి రెబ్బలు పారేయకండి. అగ్నిఅస్త్రం పూర్తి మోతాదుకి అరకిలో వెల్లుల్లి కావాలి. పెరటి వంగకి అందులో పదో వంతు చేసుకుంటే 50 గ్రాములు సరిపోతాయి.