పుట్టా గొడుగూ

పుట్టగొడుగు అన్న మాటలో పుట్టా గొడుగూ రెండూ అచ్చ తెలుగు పదాలే. తమిళంలో పుఱ్ఱు, కుడై. కన్నడంలో హుత్త, కొడె వీటి తోబుట్టువులు. కూకట్‌పల్లి దాటాక నిజాంపేట, ప్రగతి నగర్‌లలో అపార్ట్‌మెంట్లు ‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’ అని రాయడం పరిపాటి. ఆ ప్రాస వినీవినీ, ఈ పుట్ట ‘పుట్టడం’లోదేనని అనుకునేవారుంటారు. కాదు, ఇది చెదలు కట్టిన మట్టి పుట్ట.

పేరు పెట్టినవారి చూపు సూటిది. చెదలు తిన్న ఎండుటాకూ పుల్లా సగమే అరుగుతాయి. ఆ సగం అరిగినదాన్ని పుట్ట లోపలి అరల్లో గుల్లగుల్లగా పేర్చి, దాని మీద బూజు పెంచుతాయి. చెదలకు అరగని లిగ్నిన్‌ను బూజు విడగొడుతుంది, చెదలు దాన్ని మేస్తాయి. వానలు పడ్డాక ఆ బూజు నుంచే మొగ్గ లేచి, వేరులాంటి పొడవాటి కాడతో మట్టిని తోసుకుని పైకొస్తుంది. గొడుగు నడినెత్తిన ఉండే గట్టి మొన దానికి గునపం. 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ ఈ ప్రజాతికి టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రమని అర్థం. తెలుగు పల్లెకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు. ఇక రాత్రికి రాత్రే మొలిచిందన్నది సగం నిజం. తెల్లారి కనిపించేది నేల కింద ఎన్నాళ్లుగానో సాగిన పనికి చివరి అంకం.

సంస్కృతం పుట్టలో చెదలను కాక పామును చూసింది. వేద పదాలకు అర్థం చెప్పే యాస్కుడి నిరుక్తంలో పుట్టగొడుగు పేరు అహిచ్ఛత్రకం, అంటే పాము గొడుగు. బెంగాలీలో ఇది కప్ప గొడుగు.

తెలుగులో కుక్కగొడుగు కూడా ఉంది. కుక్క ఉచ్చ పోసిన చోట మొలుస్తుందని ఒక కథ చెబుతారు గానీ, అది అక్కర్లేదనిపిస్తుంది. కుక్కతులసి, కుక్కవామింట పేర్లలో లాగే ఇక్కడా ‘కుక్క’ అంటే పనికిరాని అడవి రకమనే. ఏది తినదగినదో పేరు మాత్రం తేల్చదు. పుట్ట మీద లేచినవాటినైనా ఎరిగినవారు చూశాకే వండాలి.

పెంట మీదా, కుళ్లిన మొద్దు మీదా మొలిచేవాటికి కూడా పుట్టగొడుగన్న పేరే పాకింది. ప్రగతి నగర్ సూపర్‌మార్కెట్‌లో డబ్బాల్లో దొరికే తెల్లటి బటన్ రకం కంపోస్టు మీద పెంచినది, దానికి పుట్టతో సంబంధమే లేదు. అసలు పుట్టగొడుగును చెదలు లేకుండా సాగు చేయడం ఇంకా వ్యాపారంగా కుదరలేదు. అందుకే అది ఇప్పటికీ వానాకాలంలో, పుట్టలు మిగిలిన నేలల్లోనే దొరుకుతుంది.