నిలదీయగల నమ్మకం

శివరాత్రికి పల్నాటి ఊళ్ల నుంచి రైతులు కోటప్పకొండకు ప్రభలు కడతారు. తొలకరికి అదే రైతు మాచర్లలోనో గురజాలలోనో విత్తనాల కొట్టు ముందు నిలబడతాడు. రెండు చోట్లా అతన్ని నడిపించేది నమ్మకమే. అందుకని సైన్సూ ఒక రకం మతమేనని తేల్చేసేవాళ్లు మన సాహిత్య సభల్లోనూ ఉన్నారు. రైతు అలా తేల్చడు. మొక్కు ఫలించకపోతే తన రాత అనుకుంటాడు, కొండ మీది త్రికోటేశ్వరుణ్ణి లెక్క అడగడు. గింజ మొలవకపోతే మాత్రం రసీదు పట్టుకుని కొట్టుకు వెళ్తాడు. ఏ నమ్మకాన్ని నిలదీయవచ్చో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ తేడాను చెరిపేసింది విత్తనం అమ్మే, సిఫారసు చేసే పైవాళ్లే. బీటీ పత్తి సంగతే చూడండి. మన దేశంలో దానికి 2002లో అనుమతి వచ్చింది. నేలలోని ఒక బ్యాక్టీరియా జన్యువుతో మొక్కే కాయతొలుచు పురుగును చంపే ఏర్పాటు అది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు విడిగా ఇచ్చేవారు, చేను చుట్టూ వరసలుగా వేయమని. బీటీ మొక్కలోని విషాన్ని తట్టుకున్న పురుగు ఆ వరసల్లో పెరిగిన మామూలు పురుగుతో జతకడితే తట్టుకునే గుణం అంత త్వరగా పాకదని లెక్క. ఈ లెక్కను ఎంతమంది రైతులకు విడమరచి చెప్పారు? చాలామంది ఆ చిన్న పొట్లాన్ని పక్కన పడేశారు. 'పురుగు పట్టదు' అన్న మాట ఒక్కటే చేలోకి దిగింది. పంటను వేసవి దాకా పొడిగించడమూ దానికి తోడైంది. పదేళ్లు తిరిగేసరికి గులాబీ రంగు పురుగు రెండు జన్యువులనూ తట్టుకుంది. తర్వాత రెండు రకాల గింజలూ ఒకే ప్యాకెట్లో కలిపి అమ్మే పద్ధతి తెచ్చారు. రైతుకు చెప్పి ఒప్పించడం కంటే కలిపి పోయడమే తేలికనిపించింది.

పురుగు మారుతుందని ముందే ఊహించి షరతు పెట్టిందీ సైన్సే, మారిందని ప్రయోగశాలలో తేల్చిందీ సైన్సే. మధ్యలో ఉన్నవాళ్లు షరతు వదిలేసి ఫలితాన్ని ప్రసాదంలా పంచారు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. ఆ మాటను మనం తాయెత్తుల మీదికే విసురుతూ వచ్చాం. సైన్సు పేరు చెప్పి అమ్మేవాళ్లకూ, సిఫారసు చేసే అధికారులకూ, దాని గురించి రాసే పత్రికలకూ అది వర్తిస్తుంది. విత్తనమైనా, మందైనా, పథకమైనా బాగా పనిచేస్తుందని చెప్పే నోటితోనే ఎప్పుడు పనిచేయదో కూడా చెప్పాలి. అది దాచి నమ్మమన్నవాడు మొక్కమంటున్నట్టే.