పట్టూ విడుపూ

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త కేన్సర్‌కు మూలం బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్. కణాలను పెరగమని అది నిరంతరం పురిగొల్పుతూనే ఉంటుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు ఆ ప్రొటీన్‌ను పట్టుకుని దాని పని ఆపింది. ప్రాణం తీసే జబ్బు చాలామందికి రోజూ మాత్ర వేసుకుంటూ బతకగలిగే జబ్బయింది. 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా దాని జనరిక్ తెచ్చాక, కొనలేని మందు మన వాళ్లెందరికో అందింది. ఈ కథలో మాత్రను అందరూ తలుచుకుంటారు. ఆ మాత్రకు ప్రొటీన్ మీద ఎంత పట్టుందో కొలిచేవారిని తలిచేది తక్కువ.

కొలిచే పద్ధతుల్లో ఒకటి చూడండి. పలుచని బంగారు పూత ఉన్న గాజు పలక మీద ప్రొటీన్‌ను నిలిపి, మందు కలిపిన ద్రావణాన్ని దాని మీదుగా పారిస్తారు. పలక వెనుక నుంచి కాంతి ప్రసరింపజేస్తారు. మందు అణువులు అంటుకుంటున్న కొద్దీ ఆ కాంతి తీరు రవ్వంత మారుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. తర్వాత మందు లేని ద్రావణం పారిస్తే గీత దిగడం మొదలవుతుంది. ఎంత త్వరగా అంటుకుంది, ఎంతసేపు విడవకుండా ఉంది అన్నవి రెండూ ఆ గీతే చెబుతుంది. ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ నుంచి సగం మేరకు విడిపోవడానికి లపాటినిబ్ అనే మందుకు 300 నిమిషాలు పడుతుందనీ, గెఫిటినిబ్ అనే మందుకు పది నిమిషాలైనా పట్టదనీ మరో పద్ధతిలో కొలిచిన 2004 నాటి పరిశోధన తేల్చింది.

అయితే పట్టు గట్టిదైనంత మాత్రాన రోగం కుదిరినట్టు కాదు. మందు కణంలోకి చేరాలి, ఒంటికి సరిపడాలి. ప్రొటీన్ కూడా మారిపోవచ్చు. ఇమాటినిబ్ వాడుతున్న కొందరిలో జబ్బు తిరగబెట్టింది. చూస్తే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వచ్చింది. ఆ ఒక్క అమైనో ఆమ్లం మారడంతో మందుకు ఆనుకునే చోటు పోయింది, పైగా అడ్డం వచ్చింది. ఆ అడ్డును తప్పించుకునేలా మలచిన పొనాటినిబ్ అనే మందుకు 2012లో అనుమతి దక్కింది. పట్టు ఎక్కడ తప్పిందో తెలిసింది కాబట్టే తర్వాతి మందుకు దారి దొరికింది.

హైదరాబాద్ ప్రయోగశాలల్లో మన పిల్లలెందరో మందుల పట్టు కొలిచే ఈ రంగంలో పనిచేస్తున్నారు. వాళ్లు పరీక్షించే అణువుల్లో ఎక్కువ భాగం పనికిరానివే అవుతాయి. ఆ ఫలితాలను వైఫల్యాలుగా చూడడం తగదు. ఫలానా అణువుకు పట్టు లేదని ప్రయోగశాలలోనే తేలితే, ఒక రోగి ఒంట్లోకి వృథాగా వెళ్లబోయే మందు అక్కడే ఆగుతుంది. విశ్వవిద్యాలయాలు ఇలాంటి కొలతలకు తగిన పరికరాలు సమకూర్చాలి. కాదని తేల్చిన పనికీ పరిశోధనగా గుర్తింపు ఇవ్వాలి.