మాస్టారికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన ఐటీ వాళ్ళకో జబ్బుంది. ఏ సమస్యకైనా ట్రైనింగ్ ఇప్పించేస్తే తీరిపోతుందనుకుంటాం. బళ్ళో ఆరోగ్యపాఠాలు సరిగ్గా చెప్పట్లేదా? టీచర్లకి నాలుగు రోజుల ట్రైనింగ్, ఓ పీపీటీ, ఓ సర్టిఫికెట్. పని అయిపోయినట్టే. అవ్వదు మహాప్రభో!

ఆయుష్మాన్ భారత్ కింద 2020లో పాఠశాల ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బడికి ఇద్దరు చొప్పున, వీలైతే ఒక మాస్టారు, ఒక టీచరమ్మ, 'హెల్త్ అంబాసిడర్లు'. పోషకాహారం, మానసిక ఆరోగ్యం, మత్తుపదార్థాలు, హెచ్ఐవీ... మొత్తం 11 అంశాలు, వారానికో గంట. కాగితం మీద బానే ఉంది. లెక్కలో, సోషలో చెప్పుకునే మనిషి మర్నాటినుంచి వీటన్నిటి గురించీ తడుముకోకుండా ఎలా మాట్లాడతాడు?

మా కోనసీమనే తీసుకోండి. బోదకాలు మాకు పాత చుట్టం. దోమవల్ల వస్తుందని ఎవరైనా చెప్తారు. వెనక బెంచీవాడు లేచి "మా తాతకి రక్తం రాత్రిపూటే ఎందుకు తీశారండీ?" అంటే? ఆ పురుగు పిల్లలు రక్తంలో ఎక్కువగా తిరిగేది రాత్రే అనీ, వాటిని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీట్లో పెరుగుతుందనీ తెలిసుండాలి. అప్పుడే మాట తడబడదు.

ఇదైతే చదివి తెలుసుకోవచ్చు. మరి ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించో? "ఈ పాఠం ఇంటిదగ్గర చదువుకోండి" అని మాస్టారు పేజీ తిప్పేసిన క్లాసులో మీరూ కూచునే ఉంటారు. ఆయనకి తెలీక తిప్పలేదు. రేపు ఏ తండ్రో వచ్చి గొడవపెడితే హెడ్మాస్టరు ఎవరి పక్షమో తెలీక తిప్పాడు. 2007లో కౌమార విద్య మీద రభస జరిగితే కొన్ని రాష్ట్రాలు ఆ పాఠాలే ఆపేశాయి. ప్రభుత్వాలే జంకినచోట ఒంటరి టీచరు నిలబడాలా?

"జీతం తీసుకోవట్లేదా, చెప్పడానికేం?" అంటారు కొందరు. అయ్యా, మీ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి ప్రొడక్షన్ మీదకి ఒంటరిగా వదుల్తారా? పక్కన సీనియర్ ఉంటాడు, కోడ్ రివ్యూ ఉంటుంది, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ చెయ్యడానికి ఓ నంబరుంటుంది. టీచరుకి ఏముంది?

"నేను చెయ్యగలను" అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని ఆల్బర్ట్ బాందురా 1977లోనే చెప్పాడు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, పక్కవాళ్ళ ప్రోత్సాహం, గుండెదడ అదుపులో ఉండటం. పీపీటీలో వీటిలో ఏదుంది?

అందుకని ట్రైనింగులో సగం టైము టీచర్లతోనే పాఠం చెప్పించండి. మిగతావాళ్ళు పిల్లల్లా అడ్డమైన ప్రశ్నలూ వెయ్యాలి. మొదటి నాలుగు క్లాసులకీ ఆరోగ్యకేంద్రం నర్సమ్మ పక్కన కూచోవాలి. హెడ్మాస్టరు ముందే తల్లిదండ్రుల్ని పిలిచి, ఇది ఫలానా టీచరు సొంత పాఠం కాదు, బడి పాఠం అని చెప్పాలి. వీటికి కొత్త భవనాలేం అక్కర్లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళి, బడికి ప్రొజెక్టరిచ్చి ఫొటో దిగొస్తాం కదా. ఈసారి ఊళ్ళో ఉండగా మీ అన్న పిల్లల బళ్ళో మీటింగు జరిగితే వెళ్ళండి. లేచి నిలబడి, పదిమందీ వినేట్టు "ఆ పాఠం చెప్పండి మాస్టారూ, మేమున్నాం" అనండి. ప్రొజెక్టరు కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.